షంషాద్ అక్కది నీడపట్టు పనే

నిన్న పొద్దున ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కి, పక్క సీట్లో చున్నీ వేసి కూర్చున్నా. షంషాద్ అక్క కోసం.

బస్సు కదిలే టైముకి ఫోన్ మోగింది. అక్క నంబరే. ఎత్తితే వాళ్లాయన బాషా అన్న.

"సుజాతమ్మా... మీ అక్క పోయిందమ్మా. డ్యూటీకి తయారవుతా తయారవుతా గుండె పట్టుకొని కూలబడె. ఆసుపత్రికి పోయేలోపలే అయిపాయె."



అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా?

"షాపులో చెప్పినారా అన్నా?"

ఆయన మెల్లగా అన్నాడు. "మీ అక్కా అదే అనిందమ్మా. ఆటోలో పండబెడితే, షాపుకి ఫోన్ చేసి లేటయితాదని సెప్పు అనింది. మళ్ల మాట్లాడలే."

అప్పట్నుంచి నాకు ఏడుపు కూడా సరిగ్గా రావట్లేదు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. అక్కా నేనూ ఆదోనిలో ఒక పెద్ద చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాం. పట్టు సెక్షన్ ఆమెది, కాటన్ సెక్షన్ నాది. షాపు పేరు రాయను. అంత ధైర్యం లేదు.

పని నాకు నేర్పించింది అక్కే. పెళ్లికూతురికి చీర చూపిస్తూ అత్తగారిని పొగిడేది. పర్సు తీసేది ఆమె కదా పిచ్చిదానా అని నాకు కన్ను కొట్టేది. ఆమె చీర విప్పి భుజాన వేసుకుంటే కొనకుండా పోయేవాళ్లు తక్కువ.

తక్కువే గానీ, ఉంటారు కదా. ఏ షాపులో ఉండరు?

పోయినేడు షాపులో కెమెరాలు మార్చారు. కొత్తవాటికి స్పీకర్లున్నాయి. ఓనర్ సార్ ఇంట్లో ఉన్నా, ఊర్లో లేకపోయినా ఫోన్లో మమ్మల్ని చూస్తూ మాట్లాడతాడు. ఎప్పుడు చూస్తాడో తెలీదు. ఉన్నట్టుండి పైనుంచి గొంతొస్తుంది. కాళ్లు లాగి కాసేపు కూర్చున్నా అంతే.

"షంషాద్, కస్టమర్ ఉత్త చేతుల్తో పోతాండారే, ఏం చేస్తాండావ్?"

అందరి ముందరా. కస్టమర్లు కూడా తలెత్తి పైకి చూసేవాళ్లు. అక్క చేతిలో చీర పట్టుకొని నవ్వుతూ నిలబడేది. మెడ మీద చెమట మాత్రం నాకు కనిపించేది, ఏసీలో.

సార్ చెడ్డాయన కాదు. జీతం టైముకిస్తాడు. పండక్కి చీర పెడతాడు. బూతుమాట ఎప్పుడూ అనలేదు. అందుకే ఎవరికి చెప్పినా, దీనికే భయమా అంటారు.

మొన్న అక్క వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి పోయినా. ఫంక్షన్ హాల్లో ఎదురెదురుగా కూర్చొని బిర్యానీ తింటున్నాం. తింటూ తింటూ అక్క స్తంభం వైపు చూసింది. ప్లేటు పట్టుకొని లేచి నిలబడింది.

ఏందక్కా అంటే, "కాళ్లు పట్టుకున్నాయిలే" అనింది.

నేనూ చూసినా. స్తంభానికి కెమెరా ఉంది.

"అక్కా, ఇది హాలోళ్లది, మన సార్ది కాదు" అని నవ్వినా. ఆమె కూడా నవ్వింది. కానీ కూర్చోలేదు. అన్నం మొత్తం నిలబడే తినింది.

ఆదోనిలో డాక్టర్ దగ్గరికి కూడా పోయింది, గుండె దడగా ఉందని. ఏం పని అని అడిగాడంట. చీరల షాపు అంటే, "ఏసీలో పని, నీకేం టెన్షన్" అని గ్యాస్ బిళ్లలు రాసిచ్చాడంట. అది చెప్తూ కూడా నవ్వింది.

నిన్న వాళ్లింటి ముందర అక్క వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకొనింది. గోనెగండ్లలో ఇప్పటికీ కూలికి పోతుంది ఆ పెద్దమ్మ.

"ఎండలో పత్తి ఏరే ముసల్దాన్ని, నాకేం కాలే. నీడపట్టున కూసునే బిడ్డకి గుండెకేమొచ్చెనమ్మా?"

కూర్చునే పని కాదు పెద్దమ్మా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. షాపు నుంచి వచ్చిన మేనేజర్ పక్కనే ఉన్నాడు. నోరు మూసుకున్నా.

ఆ తల్లికి కూడా నిజం చెప్పలేకపోయినా.

గుండెపోటు దీనివల్లే వచ్చిందని నేను అనట్లేదు. నాకేం తెలుసు, నేను డాక్టర్ని కాదు. కానీ ఇది రోజూ నా పక్కనే జరిగింది.

ఈరోజు పొద్దున మేనేజర్ ఫోన్ చేశాడు. "పెళ్లిళ్ల సీజన్ కదమ్మా, రేపట్నుంచి పట్టు సెక్షన్ నువ్వే చూసుకోవాల."

అక్క కౌంటర్. స్పీకర్ సరిగ్గా దాని నెత్తిమీదే ఉంది.

ఫోన్ పెట్టేసినాక గుండె దడదడా కొట్టుకుంటే మంచం పట్టుకొని కూర్చున్నా. వంటింట్లోంచి మా ఆయన పిలిచాడు. "సార్" అన్నా. ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు కూడా మొదలైందని అర్థమైంది.

రేపు పోతా. పోకుంటే ఇల్లు గడవదు. కానీ పోయి సార్‌ని ఒకటి అడుగుతా. తిట్టాలంటే దగ్గరికి పిలిచి తిట్టండి సార్, పైనుంచి వద్దు అని. ఇంతే. ఈ ఒక్క మాటనే పొద్దున్నుంచి లోపల్లోపల చెప్పుకుంటున్నా.

మన షాపు వాళ్లు చాలామంది ఈ పోస్టు చూస్తారు. సార్ వాళ్ల చుట్టాలు కూడా చూస్తారు, తెలుసు. నేను అడిగేటప్పుడు ఒక్కరన్నా వచ్చి నా పక్కన నిలబడండి. మీరేం మాట్లాడొద్దు. ఊరికే నిలబడండి.

షంషాద్ అక్కా, పోయిరా.

అల్లా నీకు నెమ్మది ఇవ్వాల. హాయిగా పడుకో, ఇంక నిన్నెవ్వరూ పిలవరు.