ఆరో నంబరు మంచం వంతు

"ఇంకా ఎవరితోనైనా కొట్లాడుతున్నావా ఎల్లమ్మా?" అని ఫోన్లో అడిగింది సరోజిని సిస్టర్. "కొట్లాడనీకె ఇంట్లో ఎవరున్నరు సిస్టరమ్మా" అన్నాను. నవ్వింది. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. పది రోజులకు ఆమె పోయిందని తెలిసింది. ఇయ్యాల మధురానగర్‌లో నా గది ఫినాయిలు పెట్టి తుడుస్తుంటే, ఆ వాసనకు ఆమె గుర్తొచ్చింది. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెబుతుంటే మా అక్క మనవరాలు స్వాతి రాస్తోంది.

పంజగుట్టలో ఒక ఆస్పత్రిలో నేను ఆయాను, ఆమె మా వార్డుకు పెద్ద నర్సు. మా ఆయన పోయిన కొత్తలో నాకు ప్రతిదానికీ కోపమొచ్చేది. ఒక పొద్దున ఆరో నంబరు మంచం ముసలమ్మకు బెడ్‌పాన్ పెట్టే వంతు ఎవరిదని నేనూ, తోటి ఆయా మంగమ్మా ఆమె ముందరే అరుచుకున్నాం. మధ్యాహ్నం సిస్టర్ చూస్తే ముసలమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నీళ్ల సీసా నిండుగా అట్లనే ఉంది. "తాగితే మళ్లీ పిలవాలి కదమ్మా, వాళ్లు కొట్లాడుకుంటారు" అందట.

సిస్టర్ మమ్మల్ని బట్టల గదికి పిలిచి, ఉతికొచ్చిన దుప్పట్లు చెరో కొస పట్టుకుని మడవమంది. ఆమె వార్డులో అదే పద్ధతి. కొట్లాడుకున్న ఇద్దరూ సంగతి తేలేదాకా దుప్పట్లు మడవాలి. "వంతు మంగమ్మదే సిస్టరమ్మా" అన్నాను నేను ముందే. "ఎవరిదో నాకొద్దు. ఆవిడ నీళ్లు తాగాలి. అదెలాగో ఇద్దరూ తేల్చుకుని రండి" అని తలుపు దగ్గరికేసి పోయింది. నాలుగు దుప్పట్లు మడిచాం. ఐదోదానికి మంగమ్మ, "మోకాళ్లు వంగుతలేవు ఎల్లమ్మా, ఆమెను ఒక్కదాన్నే లేపలేను. చెప్తే పనిలకెల్లి తీసేస్తరని చెప్పలే" అంది. నా చేతిలో కొస జారిపోయింది.

అప్పటి నుంచి ముసలమ్మను ఇద్దరం కలిసే లేపాం. ఆ సాయంత్రానికే అడిగి మరీ నీళ్లు తాగింది. ఇంటికి పోయేరోజు, ఎట్లా చూసుకున్నారో రాయమని ఆస్పత్రివాళ్లిచ్చే కాగితం మీద "ఆయమ్మలు మంచోళ్లు" అని రాయించింది. సిస్టర్ అది చదివి వినిపిస్తుంటే నేను తల ఎత్తలేదు.

ఆ పొద్దున వంతు నాది. ఆ గదిలోనే మంగమ్మ ముందు ఒప్పుకున్నాను. సిస్టర్‌కు మాత్రం చెప్పలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. ఆఖరుసారి ఫోన్లో సుత ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు నోరు లేచే ముందు పక్కన ఎవరు వింటున్నారో చూసుకుంటాను. రోజూ ఇంట్లో వినేవాళ్లే లేరు. స్వాతీ, వంతు నాదేనని రాసినవా బిడ్డా? జర అక్కడ ఒకసారి చదువు, వింటాను.