లిఫ్టు ఏడుపు

"నాకు రాయడం వచ్చిందే రాశాను తమ్ముడూ. అక్కడ జరిగింది రాయలేదు. అదీ సంగతి. కుర్చీ లాక్కుని కూర్చో."

కూర్చున్నాను. బల్ల మీద తెల్లకాగితాలు, మూత తీసిన పెన్ను, ముట్టుకోకుండా చల్లారిపోయిన టీ. అన్నా అని పిలుస్తానేగానీ ఆయన నాకు తోడబుట్టినవారు కాదు. మా మేడ మీద వాటాలో ఉంటారు. లిఫ్టులు బాగుచేయడం ఆయన పని. ఎంత తోమినా గోళ్ళ చుట్టూ గ్రీజు నల్లగా ఉండిపోతుంది. ఆ చేతులతోనే ఏడాదిగా నా దగ్గర ఇంగ్లీషు వాక్యాలు రాయడం నేర్చుకుంటున్నారు. నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణి. కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లోంచి నాకు అంటుకున్నంత ఇంగ్లీషే నాది. దాన్నే ఆయనకూ కాస్త అంటించాను.

"అసలేమైందో మొదట్నించి చెప్పండన్నా. వీధిలో తలా ఒక మాట అంటున్నారు."

"ఆయన్ని మొదట్నించి చెప్పమనకు మరిదీ, లిఫ్టు పుట్టిన రోజు నుంచి ఎత్తుకుంటారు" అంది వదిన, పక్కనే బట్టలు ఇస్త్రీ చేస్తూ. రోజూ అనే మాటే. రోజూ ఉండే నవ్వు మాత్రం ఇవాళ లేదు.

జరిగింది ఇది. వెనక వీధిలోని ఐదంతస్తుల భవనంలో మొన్న లిఫ్టు మూడో అంతస్తులో ఆగి తలుపు తెరుచుకుంది. కానీ సరిగ్గా నేల మట్టానికి ఆగలేదు, జానెడు కిందే ఉండిపోయింది. లోపలున్న కుట్టుపని ఆవిడ చేతుల నిండా బట్టలు పట్టుకుని ఉంది. కాలి కింద చూసుకోలేదు. గడప తన్నుకుని పడింది. తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే ఆ లిఫ్టును తనిఖీ చేసింది అన్నే. కంపెనీకి రిపోర్టు పంపిందీ అన్నే: బ్రేకులు చూశాను, లిఫ్టు సరిగ్గా పనిచేస్తోంది. ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా.

"సరిగ్గా లేదా మరి?"

"ఎక్కడిది! ఏడుస్తోంది."

ఏడవడమంటే వాళ్ళ పనిలో మాట. వెనకటికి వీళ్ళ కంపెనీలో ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. సాయంత్రం మెకానిక్కులందరూ షెడ్డుకు చేరాక, ఆయన స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. "నీది ఎలా ఏడ్చిందిరా?" అని ఒక్కొక్కణ్ణీ అడిగేవాడు. వీళ్ళు నోటితో ఆ చప్పుడు చేసి వినిపించాలి. గర్ర్, టక్. గర్ర్, టక్. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" దిగేటప్పుడే. "పట్టాలకి నూనె చాల్లేదు, పో." ఇంకొకడు కిర్రుకిర్రు అంటే తలుపు చక్రం. దారిన పోయేవాళ్ళు ఇదేం షెడ్డురా బాబూ, పిచ్చాసుపత్రా అని తొంగిచూసేవారట. అన్న గొంతు అందరిలోకీ పేరున్న గొంతు. ఆయన ఏడ్చి చూపిస్తే మేస్త్రి రెండోమాట అడిగేవాడు కాదని వదినే ఒకసారి చెప్పింది.

మేస్త్రి రిటైరయ్యాడు. కంపెనీ చేతులు మారింది. కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. షెడ్డులో చేరడం మానేయమన్నాడు. ఏం చూశారో ఫోన్లోనే ఇంగ్లీషులో, పూర్తి వాక్యాల్లో రాసి పంపాలి. రాతలో లేనిది జరగనట్టే లెక్క. రాయకపోతే స్టోర్సు నుంచి సామానూ రాదు.

అన్న మొదటి రిపోర్టు నాకిప్పటికీ గుర్తే: "లిఫ్ట్ ఈజ్ క్రయింగ్ ఇన్ సెకండ్ ఫ్లోర్." సూపర్‌వైజర్ దాన్ని తీసుకెళ్ళి మెకానిక్కుల ఫోన్ గ్రూపులో పెట్టి, "ఎవరైనా ఆ లిఫ్టుకి ఒక కర్చీఫ్ ఇవ్వండి" అన్నాడు. ఆ రోజు నుంచి కంపెనీలో అన్న పేరు కర్చీఫ్. కుర్రమెకానిక్కులు కూడా "కర్చీఫన్నా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ వారమే ఆయన నా కొట్టుకు వచ్చి, "నాకు తప్పుల్లేకుండా రాయడం నేర్పు తమ్ముడూ. ఎక్కువేం వద్దు" అన్నారు.

నేర్చుకోవడంలో ఆయన ఓపిక చూడాలి. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు అని గొణుక్కుంటూ ఒక్కో మాటా దాని చోట్లో పెట్టేవారు. చివర చుక్క పెట్టాక, బోల్టు బిగిసిందో లేదో చూసినట్టు వేలితో నొక్కి చూసేవారు. పెద్ద వాక్యాన్ని రెండుగా కొయ్యడం నేర్చుకున్నారు. మెల్లగా ఆయనకంటూ కొన్ని వాక్యాలు కుదిరాయి. అవి ఎన్నిసార్లు రాసినా తప్పు రాదు. సూపర్‌వైజర్ వాటికి ఫోన్లో బొటనవేలు బొమ్మ పెట్టేవాడు.

"ఆ బొటనవేలు చూసుకున్నాకే ఈయనకి నిద్ర" అంది వదిన.

"నువ్వుండవే. తమ్ముడూ, ఆ రోజు పైన మిషను గదిలో ఉన్నాను. లిఫ్టు దిగుతోంది. ఆగేముందు బ్రేకు..." అన్న కళ్ళు మూసుకున్నారు. గొంతులోంచి సన్నగా, పళ్ళ సందుల్లోంచి గాలి జారినట్టు ఒక చప్పుడు వచ్చింది. "గీ...స్స్. ఆఖర్న, తప్. విన్నావా? బ్రేకు లైనింగు అరిగిపోయింది. వెంటనే మార్చాలి. సంచిలో లైనింగు లేదు, స్టోర్సు నుంచి రావాలి. ఫోన్ తీశాను. దీన్ని ఏమని రాయను? క్రయింగ్ అనకూడదు. రాశాను, చెరిపాను. మళ్ళీ రాశాను. అది చదివి సూపర్‌వైజర్ మళ్ళీ గ్రూపులో పెట్టినట్టూ, కుర్రాళ్ళు నవ్వినట్టూ కళ్ళకి కట్టింది. అదీ చెరిపేశాను. చివరికి లిఫ్టు సరిగ్గా పనిచేస్తోందని, నాకు తప్పు రాని వాక్యం పెట్టేసి దిగిపోయాను."

"నన్నడగాల్సింది."

"సాయంత్రం నీ దగ్గరికే వద్దామనుకున్నా. ఈలోపు బొటనవేలు వచ్చేసింది. అది చూశాక, నిజం చెప్తున్నా తమ్ముడూ, లిఫ్టు బాగానే ఉందేమో అనిపించింది. నా చెవులు నేనే నమ్మలేదు."

వదిన ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. గదిలో కాసేపు కాలిన గుడ్డ వాసన.

నిన్న సూపర్‌వైజర్ ఇంటికే వచ్చాడట. సంజాయిషీ తనే రాసి తెచ్చాడు. అన్న ఆ కాగితం నా ముందుకు తోశారు. భవనం వాచ్‌మన్ ఎవరికీ చెప్పకుండా లిఫ్టులో టైల్స్ పెట్టెలు ఎక్కించనిచ్చాడనీ, ఆ బరువుకే బ్రేకు దెబ్బతిన్నదనీ ఉంది. కింద అన్న సంతకానికి చోటు. పొద్దుపోయేలోగా సంతకం కావాలి.

"ఎంత బాగా రాశాడో చూశావా? ఎక్కడా వేలు పెట్టడానికి లేదు."

"టైల్స్ ఎక్కించారా?"

"ఒకసారి ఎక్కించారు. చాలా నెలల కిందట. నేను ఆ తర్వాత ఎన్నిసార్లు చూశాను! అప్పుడు బ్రేకు శుభ్రంగా ఉంది."

వాచ్‌మన్‌కు పని పోయినట్టే. మెట్ల కింద అతనుండే గది ఇవాళే ఖాళీ చేయమన్నారు. ఈ సంతకం పడితే వేరేచోట కూడా ఎవరూ పెట్టుకోరు.

"మరి మీ ఉద్యోగమో?" అన్నాను.

"అదే అడుగు, నేనడిగితే గయ్యాళినవుతున్నా" అంది వదిన. "సంతకం పెట్టమని నేననను. మానమనీ అనను. ఈ వయసులో ఇంకొకడు పిలిచి పనివ్వడు, అది నాకు తెలుసు. కానీ ఆ వాచ్‌మన్ పెళ్ళాం నన్ను పిన్నీ అంటుంది. రేపు ఆ వీధిలో ఏ ముఖం పెట్టుకుని నడవను? నాకేం పాలుపోవట్లేదు మరిదీ."

అన్న పెన్ను మూత పెట్టారు, తీశారు.

"నేను రాసిపెడతాను, ఇటివ్వండి" అన్నాను.

"వద్దు. నువ్వు రాస్తే బాగుంటుంది. ఆ బాగుండటంతోనే వచ్చింది తంటా అంతా. మాట తెలీకపోతే అడుగుతా, చెప్పు చాలు."

రాయడం మొదలుపెట్టారు. తల కాగితానికి ఆనేంత వంగి, పెదాలు కదుపుతూ. మధ్యలో అరిగిపోయింది అనడాన్ని ఏమంటారని అడిగారు, చెప్పాను. కావాలని రాయకుండా ఉండటాన్ని ఏమంటారని అడిగారు. చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది. చప్పుడు దగ్గర పెన్ను ఆగింది. నాకు తెలిసిన రెండు మూడు మాటలు అందించాను. ఒక్కోదాన్నీ నోట్లో వేసుకుని చూసి తల అడ్డంగా ఊపారు. "ఇవన్నీ వేరే లిఫ్టుల ఏడుపులు." ఆఖరికి ఇంగ్లీషు అక్షరాల్లోనే గీ అని రాసి, వెనక నాలుగైదు ఎస్‌లు పేర్చారు.

చదివి వినిపించారు. ఐ హర్డ్ దిస్ సౌండ్. బ్రేక్ ఈజ్ ఫినిష్. ఐ నో ఇట్ దట్ డే. ఐ డిడ్ నాట్ రైట్ బికాజ్ ఐ వాజ్ అఫ్రైడ్ పీపుల్ విల్ లాఫ్. వాచ్‌మన్ డిడ్ నథింగ్. టైల్స్ ఈజ్ ఓల్డ్ మేటర్. ఆస్పత్రిలో ఉన్నావిడ గురించి ఇంకో వాక్యం. అది మాత్రం చదవకుండా, కాగితం నాకిచ్చేశారు.

"తప్పులున్నాయా?"

"ఉన్నాయి."

"అర్థమవుతోందా?"

"అవుతోందన్నా."

ఫొటో తీసి పంపేటప్పుడు రెండుసార్లు మసకగా వచ్చింది. మూడోసారి వదినే వచ్చి, ఆయన మణికట్టు కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది. అన్న ఒక్క సూపర్‌వైజర్‌కే కాదు, మెకానిక్కుల గ్రూపులో కూడా పెట్టారు. ఫోన్ బల్ల మీద బోర్లించారు. అది ఒకసారి మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ముగ్గురిలో ఎవరమూ తియ్యలేదు.

"ఇప్పుడేమవుతుంది?" అంది వదిన.

"ఏమో" అన్నారు అన్న. అప్పటికి టీ గుర్తొచ్చినట్టుంది, చల్లటిదే ఒక్క గుక్కలో తాగేశారు. మొహం మాత్రం తేరుకోలేదు. కిటికీ దాకా వెళ్ళి, బయటకు చూడకుండానే వెనక్కి వచ్చారు.

"తమ్ముడూ, నువ్వొక పని చెయ్యి. వాచ్‌మన్ ఈపాటికి సామాను కట్టేస్తూ ఉంటాడు. పరిగెత్తి వెళ్ళి కట్టొద్దని చెప్పు. బ్రేకు సంగతి నాకు ముందే తెలుసనీ, అది రాసి పంపాననీ చెప్పు. నన్ను తిడతాడు. తిట్టనీ, మధ్యలో నా తరఫున మాట్లాడకు. మొత్తం విని, వాడు ఏమన్నాడో అన్నది అన్నట్టే వచ్చి నాకు చెప్పు. నువ్వు మళ్ళీ బాగుచేసి చెప్పకు."