నానిన కట్ట, క్వారీవాళ్ల భక్తి

చెరువు నిండితే ఊరంతా సంబరపడుతుంది. నాకు మాత్రం ఆ ఏడు గుండెల్లో రాయి పడింది.

హిందూపురంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, నీళ్లు నిండిన మట్టిలో అదురు ఎలా పాకుతుందో కంప్యూటర్‌లో లెక్కగడుతుంటాను. మట్టి రేణువులు ఒక తీరుగా కదులుతాయి, వాటి సందుల్లోని నీళ్లు మరో తీరుగా. అదురుకూ అదురుకూ మధ్య ఆ నీటి ఒత్తిడి తగ్గే వ్యవధి లేకపోతే మట్టి పట్టు వదిలేస్తుంది. పెనుకొండ దగ్గరి మా ఊరి చెరువుకట్టను కూడా ఆ లెక్కలోకి ఎక్కించాను. గుట్ట మీద క్వారీ, కట్ట కిందే మా ఇల్లు. రోజుకొక పేలుడైతే కట్ట నిలిచింది. వెంటవెంటనే పేలిస్తే తెర మీద కట్ట అడుగు జారిపోయింది.

చెరువు నిండి మిగులు నీళ్లు మరువ మీదుగా పారితే కట్ట మీద గంగపూజ చేయడం మా ఊరి ఆనవాయితీ. క్వారీవాళ్లకు భక్తి పొంగుకొచ్చింది. పూజ జరిగేటప్పుడు పేల్చడం తప్పని, రెండు మూడు రోజుల పేలుళ్లు పూజనాడు పొద్దున్నే వరసగా ముగించేస్తామన్నారట. ముందురోజు నాయన ఫోన్‌లో మురిసిపోతూ చెప్పాడు. ఏం భక్తో, నా తలకాయ. ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు.

తెల్లారి ధర్మవరం ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, ఆటోలో ఊరు చేరేసరికి నాయన కట్ట మీద ఉన్నాడు. మొదటి టెంకాయ మా ఇంటిదే.

"పేల్చొద్దని చెప్పు నాయనా. మట్టి బాగా నానిపోయుండాది."

"మా తాతలనాటి కట్ట పాపా ఇది. నలుగురిలో పరువు తీయాకు."

అంతలో అరికాళ్లకు అదురు తగిలింది, ఆ వెనకే చప్పుడు. మళ్లీ, మళ్లీ. భయమేసింది, అంతే, ఇంకో మాట లేదు. కట్ట కింద తేటగా ఊరే ఊట బురదనీళ్లయి పారింది. లోపలి మట్టి కొట్టుకొస్తోందని సేద్యం చేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నాయన చేతిలోంచి టెంకాయ జారింది.

"మీ అమ్మ ఇంట్లో ఉండాది," అన్నాడు.

పరుగెత్తాం. మోకాళ్ల నొప్పుల మనిషిని చెరో రెక్కా పట్టుకుని బడి మిట్టకు చేర్చేదాకా వెనక్కి చూడలేదు. ఊరంతా మా వెనకే కదిలింది. ఇసుక మూటలు వేసి, తూము ఎత్తి నీళ్లు వదిలితే కట్ట ఎలాగో నిలిచింది.

ఇప్పుడు నాయన రోజూ పొద్దున ఫోన్ చేస్తాడు.

"ఈ పొద్దు పేలుస్తారంట. నిలుస్తాదా పాపా?"

లెక్క చూసి, నిలుస్తుందంటాను. కట్ట లోపల తడెంతో ఎవరూ తవ్వి చూడలేదు, ఆ అంకె నేను ఊహించి వేసుకున్నదే అని కూడా చెబుతాను. ఆయన వినడు.

"నువ్వు చెప్తే చాలు," అని అమ్మను ఇంట్లో వదిలి చేనికి పోతాడు. పేలుడు అయిపోయిందని మళ్లీ ఫోన్ వచ్చేదాకా క్లాసులో ఫోన్ చేతిలోంచి కింద పెట్టను.