కాలువ అవతలికి పోయిన కూత

మా ఊరి కబడ్డీ జట్టుకు నేను పన్నెండేళ్ళుగా అభిమానిని. ఆడటం రాదు. ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలు చెప్పి చెప్పి గట్టిపడిన గొంతు ఒకటుంది, దాన్నే జట్టుకు ధారపోశాను. ఆ పన్నెండేళ్ళూ మా తరఫున కూతకు వెళ్ళింది నా బావమరిది. నా పెళ్ళయిన ఏడాదే వాడు జట్టులో చేరాడు. నాకు జట్టంటే వాడు, వాడంటే జట్టు. ఆ రెండూ వేరు కావచ్చన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

ఏటా ఈస్టర్ తర్వాతి వారం చర్చి పక్క మైదానంలో నాలుగు ఊళ్ళకూ పోటీలు పెడతారు. ఏటా ఏదో ఒక గొడవే. పోయినేడు కుర్చీలు విరిగాయి. దాంతో ఈసారి పెద్దలు టీవీలో చూసి ఒక పద్ధతి పట్టుకొచ్చారు. ఆటగాళ్ళందరి పేర్లూ ఒక కాగితం మీద రాస్తారు. ఊరికొక పెద్ద వంతులవారీగా తనకు కావలసిన మనిషిని పిలుచుకుంటాడు. ఊళ్ళు కలిసిపోతే కొట్లాటలు ఉండవట. కొట్లాటల సంగతేమో గానీ, నా బుర్ర మాత్రం ఆ రోజు నుంచీ పనిచేయడం మానేసింది.

మా ఊరి తరఫున పిలిచేది ముఠా మేస్త్రీ. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోసే కూలీలను పాతికేళ్ళుగా ఆయనే చూసుకుంటున్నాడు. మనిషి నడిచొస్తుంటే చూసి, వాడి నడుం ఎంత బరువుకు ఆగుతుందో చెప్పేస్తాడని పేరు. ఎంపిక ఆయన చేతిలో పెట్టాం కాబట్టి మేమంతా ధీమాగానే ఉన్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక నాలుగు ఊళ్ళ పెద్దలూ చర్చి వరండాలో కూర్చున్నారు. మొదటి వంతు మాకే వచ్చింది. నా పక్కన నిలబడ్డ బావమరిది చొక్కా సర్దుకున్నాడు. మేస్త్రీ గొంతు సవరించుకుని ఒక పేరు చెప్పాడు. ఎవరా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కోల్డ్ స్టోరేజీలో పనికని దర్శి వైపు నుంచి వచ్చి, ఊరి చివర అద్దెకుంటున్న మనిషట. పలకరిస్తేనే నోరు విప్పడు, అతను కూతేం పెడతాడు?

తక్కిన మూడు ఊళ్ళ పెద్దలూ తమ ఊరి వాళ్ళనే పిలుచుకున్నారు. మళ్ళీ మా వంతు. ఈసారి మేస్త్రీ పిలిచింది, పొరుగు మండలం నుంచి వచ్చి పత్తి కూలీలను తోలే ఆటో డ్రైవర్ని. కూర్చుంటే ఆ మనిషి పొట్ట హ్యాండిల్‌కు ఆనుతుంది. ఇక ఉండబట్టలేక లేచాను.

"మేస్త్రీ, కబడ్డీకా, లోడింగుకా?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "కూర్చోండి మాస్టారూ" అన్నాడు.

వెంటనే కాలువ అవతలి ఊరి పెద్ద లేచి నా బావమరిది పేరు చెప్పాడు. "బావా, నన్నేనా?" అని వాడు నన్ను అడిగాడు.

తిన్నగా మేస్త్రీ మీదికి వెళ్ళాను. "ఏంది మేస్త్రీ ఇది? మావాడు నీ కంటికి ఆనలేదా?"

ఆయన మొహం పాలిపోయి ఉంది. "మనోడే కదా మాస్టారూ, యాడికి పోతాడనుకున్నా. ఎవురికీ చెందనోళ్ళని ముందు పిలుచుకుందామని..."

యార్డులో ఒక కట్టుబాటు ఉంది. ఒక ముఠా మనిషిని ఇంకో మేస్త్రీ పిలవడు. లారీ ఆగిపోయి షావుకారు బూతులు తిడుతున్నా సరే, పిలవడు. ఆ నీతి మీదే ఆయన పాతికేళ్ళు బతికాడు, ఇక్కడా అదే నడుస్తుందనుకున్నాడు. అవతలి పెద్దది ఎరువుల కొట్టు, ఆయనకు ఈ నీతి తెలియదు. కాగితం మీద పేరుంది, పిలిచాడు. మేస్త్రీని తిడదామంటే ఆయన చేసిన తప్పు నమ్మడం. అవతలాయన్ని తిడదామంటే రూలు ప్రకారమే చేశాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఇంటికొచ్చి సైకిల్ స్టాండును తన్నాను.

నా భార్య ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ, "నేను మా తమ్ముడి వైపే కూర్చుంటా. మీరెటో తేల్చుకోండి" అంది. ఆమెకు ఎంత సులువో! పాస్టరుగారిని అడిగితే, ఇద్దరి కోసమూ ప్రార్థన చేస్తానన్నారు. ప్రార్థన ఇద్దరి కోసం చేయవచ్చు, అరవడం ఎలా?

బావమరిది రోజూ సాయంత్రం బండి మీద కాలువ దాటి ప్రాక్టీసుకు వెళ్ళేవాడు. "ఎట్టా ఉన్నార్రా వాళ్ళు?" అని అడిగాను.

"బానే ఉన్నారు బావా. నన్ను అండీ అంటున్నారు" అన్నాడు దిగులుగా.

చివరి ఆట మా రెండు ఊళ్ళకే పడింది. నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని, ఏ వైపూ కాకుండా స్కోరు రాసే బల్ల పక్కన కూర్చున్నాను. పాయింట్లు సమానం. ఆఖరి కూతకు వాడొచ్చాడు. ఆటో డ్రైవర్ భుజం తాకి, వెనక్కి తిరిగి గీత మీదికి దూకాడు. ఆ దర్శి మనిషి కింద పడి మరీ వాడి మడమ అందుకున్నాడు. వాడి వేళ్ళకూ గీతకూ మధ్య జానెడు దూరం.

"పట్టు! వదలొద్దురా!"

ఎవరు అరిచారా అనుకునేలోపు నేను నిలబడి ఉన్నాను, రెండు చేతులూ పైకెత్తి. కూత ఆగిపోయింది. మట్టిలో బోర్లా పడ్డ నా బావమరిది తలెత్తి, పట్టుకున్న మనిషి వంక కాదు, నా వంక చూశాడు. మా ఊరు గెలిచింది. జనం నన్ను ఊపేస్తుంటే నాకు సిగ్గేసింది.

రోజూలాగే వాడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మోచేయి గీరుకుపోయి ఉంది. అక్క వడ్డిస్తుంటే అన్నం కలుపుకున్నాడు.

"ఒరేయ్, అదీ..." అని మొదలుపెట్టాను.

"నీ గొంతు నాకు తెలవదా బావా. అంత మందిలోనూ అదొక్కటే వినపడుద్ది" అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "పన్నెండేళ్ళూ అది నా కోసమే అనుకున్నా."

నేనూ అలాగే అనుకున్నాను. పచ్చడి గిన్నె వాడి వైపు జరిపాను.