ఎండలో ఆరేసిన రీలు

వానలు వెనకబట్టి మొదటి ఎండ కాసిన రోజున ఈ దీవిలోని ప్రోతరాపూర్‌లో మా ఇంటి డార్క్‌రూమ్ తలుపు తెరిస్తే, ఫోటోలు కడిగే హైపో మందు పుల్లటి వాసనతో పాటు ఎండు నెత్తళ్ళ వాసన కూడా వస్తుంది. మా ఇంట్లో చేపలు ఎండబెట్టి ఎన్నో ఏళ్ళయింది. ఆ వాసన ఎక్కడిదో నాకు తెలుసు కనుక ఎవరినీ అడగను. నలభై ఏళ్ళుగా రీలు కెమెరాతోనే ఫోటోలు తీస్తున్నాను. ఎగ్జిబిషన్‌కి వచ్చిన పిల్లలు, "దీదీ, ఫోన్ ఉండగా ఈ తిప్పలెందుకు?" అంటారు. నవ్వి వాళ్ళని పక్క ఫోటో దగ్గరికి తీసుకెళ్తాను.

నా చిన్నప్పుడు నాన్నకి గోల్ ఘర్‌లో స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో వానాకాలమంటే చెప్పులకి, బెల్లానికి, పుస్తకాల అట్టలకి, చివరికి కెమెరా అద్దానికి కూడా బూజు పట్టడమే. ఖాళీ రీలు డబ్బీల్లో నేను దాచుకున్న చింతపిక్కలు సైతం మొలకెత్తేవి. మబ్బు విడిందంటే చాలు, నానమ్మ ఇల్లంతా పెరట్లో పడేసేది: బొంతలు, ట్రంకుపెట్టెలో చీరలు, ఊరగాయ జాడీలు, తాడుకి గుచ్చిన నెత్తళ్ళు. ఎండ తగిలితే బాగుపడని వస్తువు లేదని ఆవిడ గట్టి నమ్మకం.

నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, చేపల వేటకి వెళ్ళేవాడు. కెమెరా కనిపిస్తే మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పారిపోయే మనిషి. నాకు పదేళ్ళప్పుడు నాన్న మొదటిసారి నా చేతికి కెమెరా ఇచ్చిన రోజు మాత్రం నాకోసం ఒడ్డున నిలబడ్డాడు, భుజాన వల, పళ్ళ మధ్య బీడీ. "జల్దీ తియ్యవే, పడవోళ్ళు కేకలేత్తన్నారు" అన్నాడు. తీశాను. ఆ పడవ డిగ్లీపూర్ వైపు వెళ్ళింది, తిరిగి రాలేదు.

ఆయన ఫోటో ఇంట్లో మరొకటి లేదు. రీలు కడిగే మందు మద్రాసు నుంచి ఓడలో రావాలి, గాలివానలకి ఓడ ఆలస్యమైంది. నాన్న రీలుని దాని డబ్బీతోనే, చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో పెట్టి, ముట్టుకోవద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు, అది చెప్పాల్సిన సంగతని ఆయనకి తోచలేదు. నానమ్మ రోజూ మూత తీసి, ఉందో లేదో చూసుకునేది.

ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి ఎండ ఫెళ్ళున కాస్తోంది. పెరట్లో తాడు మీద, నెత్తళ్ళ పక్కన, నా రీలు పొడుగునా క్లిప్పులకి వేలాడుతోంది.

"సెమ్మకి మా సిన్నోడికి బూజు పట్టేత్తాదని ఏసినానే" అంది నానమ్మ. "ఇంకా అవుపడ్నేదేటి? పొద్దున్నించీ కాసిన ధూప్ సాల్నేదేటో."

కడగని రీలుకి వెలుగు తగిలితే అందులో బొమ్మంతా పోతుందని నాకు తెలుసు, అరవబోయాను. వెనకే వచ్చిన నాన్న నా భుజం నొక్కి పట్టుకున్నాడు. "బాగా ఆరిందమ్మా" అని నానమ్మతో అంటూ రీలుని నెమ్మదిగా చుట్టి తీసుకెళ్ళాడు. మందు వచ్చాక కడిగితే కొస నుంచి కొసదాకా నల్లగా వచ్చింది. నాన్న వెళ్ళి నానమ్మ ముందు కూర్చుని, "మందు ఖరాబైపోనాదమ్మా. గల్తీ నాదే" అన్నాడు.

బతికినన్నాళ్ళూ నానమ్మ ఆయన్ని తిట్టింది. "ఊరందరి మొకాలూ కడుగుతావు, తమ్ముడి మొకం ఒక్కటీ పాడుసేసినావు" అనేది, పండగపూట బూరెలు వడ్డిస్తూ కూడా. నాన్న తల వంచుకుని తినేవాడు. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండేది, నిజం ఎక్కడ నోరు జారుతుందోనని భయమూ వేసేది. ఆవిడ పోయేదాకా ఇద్దరం నోరు మెదపలేదు.

ఇప్పుడు నాన్న లేడు. స్టూడియో ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. చిన్నాన్న బీడీ గుర్తుంది, వల గుర్తుంది, మొహం మాత్రం ఎంత తలుచుకున్నా రాదు. ఎన్నో వేల ఫోటోలు కడిగాను. తొట్టెలో కాగితం మీద బొమ్మ తేలే ఆ మొదటి క్షణంలో ప్రతిసారీ ఆయనే వస్తున్నాడనిపిస్తుంది. వచ్చేది వేరెవరో.

ఇవాళ ఎండ కాసింది. ఏటా చేసినట్టే ఆ నల్లటి రీలుని పెరట్లో తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఎండ వల్ల దానికింక పోయేదేమీ లేదు. పొద్దు వాలేముందు తీసి, వెలుగుకి ఎత్తి పట్టుకుని ఒక్కసారి చూశాను, సిన్నోడు అవుపడ్డాడేమోనని.