ఏడు స్పీడ్ బ్రేకర్లు, ఒక గ్లాసు చాయ్

“...అట్ల కాదు సార్, బండి నడిపేటోడి మాట నేను నమ్మ. వెనక కూసున్నోళ్లు చెప్పాలె.”

“ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నానయ్యా ఈ కారు. నాకు తెలియదా?”

“అందుకే తెల్వదు.”

అల్వాల్‌లో మెకానిక్ తుకారాం షెడ్డు ముందు వెంకటరత్నం గారికి రోషం పొడుచుకొచ్చింది. ఆయన వచ్చింది ఇంజన్ ఆయిల్ మార్పించడానికి. తుకారాం చూపు మాత్రం వెనక చక్రాల మీదే ఉంది.

తుకారాంకు ఒక్కటే పిచ్చి. ఏ బండి వచ్చినా, అంచుదాకా చాయ్ పోసిన స్టీలు గ్లాసు పట్టుకుని వెనకసీట్లో కూర్చుంటాడు. ఓనరు నడపాలి. షెడ్డు నుంచి రైల్వే గేటు దాకా ఏడు స్పీడ్ బ్రేకర్లు. ఎన్నోదాని దగ్గర చాయ్ ఒలికిందో చూసి షాకబ్జర్ల ఆయుష్షు చెబుతాడు. చొక్కా మీద మరకలన్నీ అతనికి కంఠతా వచ్చు. “ఇది నేరేడ్‌మెట్ జీపు. ఈ జేబు మీదిది డాక్టరమ్మ వ్యాను.” ఆ చొక్కాలు ఉతకడం భార్య దేవమ్మ ఎప్పుడో మానేసింది.

“పోనీ మంచినీళ్లు పోసుకోవచ్చుగా?” అన్నారు వెంకటరత్నం గారు.

“నీళ్లు ఆరిపోతయ్ సార్. చాయ్ యాది ఉంటది.”

తుకారాం కారు వెనక మూలను గట్టిగా నొక్కి వదిలాడు. షాకబ్జర్ బాగుంటే ఒక్కసారి లేచి ఆగాలి. కారు మూడుసార్లు ఊగింది. కిందికి వంగి చూస్తే షాకబ్జర్ ఒంటినిండా నూనె జిడ్డు.

“నాకేం తెలియట్లేదే!”

“అయితే ఇయ్యాల మీరు వెనక కూసోండి. నేను నడుపుత.”

తుకారాం ఆ గ్లాసు ఇంకొకరి చేతికివ్వడం అల్వాల్‌లో ఎవరూ చూడలేదు.

మొదటి స్పీడ్ బ్రేకర్‌కు సగం చాయ్ ఇస్త్రీ చొక్కా మీదికి వచ్చింది. రెండోదానికి మిగతా సగం. మూడోదానికి నడుము కలుక్కుమంది. ఆసరాకు చెయ్యి చాపితే ఒక దిండు తగిలింది. దాని కింద నొప్పుల మందు ట్యూబు, సగానికి నొక్కేసింది.

మోకాలి ఆపరేషన్ అయ్యాక, కాళ్లు చాపుకోవడానికి ఆయన భార్య లీలాకుమారి వెనకసీటుకు మారింది. రెండు నెలలుగా మారేడ్‌పల్లిలోని తన చెల్లెలు ఇంద్రజ ఇంటికి వెళ్లడం మానేసింది. అడిగితే “ఓపిక లేదండీ” అనేది. అక్కాచెల్లెళ్లకు మాటామాటా వచ్చిందనుకుని, ఆయన ఇంద్రజ ఫోన్ చేసినా ముభావంగా మాట్లాడుతున్నారు.

“ఆపవయ్యా.”

“ఇంకా నాలుగున్నయ్ సార్.”

“నాలుగూ వద్దు. అది మార్చెయ్.”

“ఒక్కటి మారిస్తే బండి కుంటుతది. జతగా మార్చాలె.”

మధ్యాహ్నానికి కొత్తవి బిగించాడు. మళ్లీ వెనకసీటు, మళ్లీ నిండు గ్లాసు. ఏడూ దాటాయి. చుక్క ఒలకలేదు. వెంకటరత్నం గారు ఆ చల్లారిన చాయ్ అక్కడే తాగేశారు.

“మా ఆవిడ నీతో ఏమైనా అందా?”

“పోయిన వారం ఫోన్ చేసింది. ఆ బండంటే సార్‌కు పాణం, నేను వంక పెట్టలేనన్నది. మీకు చెప్పనని మాటిచ్చిన.” తుకారాం గ్లాసు కడుక్కుంటున్నాడు. “చెప్పలే గద.”

ఇంటికి వెళ్లగానే లీలాకుమారి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“చొక్కాకు ఏంటండీ ఈ మరక?”

“వెనకసీటుది.”

ఆమె ఆ మరక వంక కాసేపు చూసింది. తర్వాత ఫోన్ అందుకుంది.

“ఇంద్రా, ఆదివారం పొద్దున్నే వస్తున్నాం. టిఫిను మీ ఇంట్లోనే.”