పన్నెండు సిలిండర్ల పక్షం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తాతయ్య కారు వెనక సీట్లో కూర్చుని పెరిగినదాన్నే అయినా, నేను తాతయ్య పక్షం కాదు. ఆయన ఆరు సిలిండర్ల ఇంజిన్ కన్నా పన్నెండు సిలిండర్లదే గొప్పదని నా నమ్మకం. రోజూ రాసే డైరీలో కూడా ఆ మాట రాసుకోలేదు. అలాంటిది ఈ ఉదయం మేము చర్చికి బయల్దేరుతుంటే గేటు ముందు ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. వెనక టార్పాలిన్ కప్పిన పెద్ద బరువేదో ఉంది. “చిలకలగూడ తాత పంపిండు. అమ్మాయికే ఇయ్యమన్నడు” అన్నాడు డ్రైవరు. టార్పాలిన్ ఎత్తి చూస్తే రెండు వరసల్లో ఆరేసి సిలిండర్లు, దుమ్ముతో, పాత గ్రీజు వాసనతో. అంతలో ఫోన్ మోగింది. “మన పార్టీ ఇంజిన్ నీకాడికే వచ్చింది బిడ్డా. ఇగ నువ్వే షురూ చెయ్యాలె” అని, నా జవాబు వినకుండానే పెట్టేశాడు చిలకలగూడ తాత. మన పార్టీ అట. నా పార్టీ ఏదో ఆయనకెవరు చెప్పారు?

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. మిషన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. కార్ఖానా బస్తీలోని మా ఇంటి పక్క షెడ్డులో ఆయన కారు ఉంటుంది. ముక్కు మీద దూకుతున్న చిరుతపులి బొమ్మ, లోపల తోలు సీట్లు, డాష్‌బోర్డు నిండా మెరిసే చెక్క. ఒకప్పుడు ఇంగ్లండులో దొరలెక్కిన రకం. తాతయ్య కొనే నాటికే దాని వయసు ఆయన వయసుకి దగ్గరగా ఉందని అమ్మమ్మ అంటుంది. చిలకలగూడ తాతది హార్డ్‌వేర్ దుకాణం. ఇద్దరి స్నేహం ఒక బోల్టుతో మొదలైంది. ఆ ఇంగ్లీషు కారు మరల చుట్లు మన బోల్టులకు కలవవు. తాతయ్య ఊరంతా తిరిగి, ఆఖరికి చిలకలగూడలో ఆ దుకాణం మెట్లెక్కి అడిగితే, లోపలినుంచి ఒక పాత బిస్కెట్ డబ్బా వచ్చిందట. దాన్నిండా అలాంటి బోల్టులే. ఎందుకంటే ఆ దుకాణదారు దగ్గర అదే కంపెనీ ఇంజిన్ ఒకటి ఉంది. కారు ఏనాడో తుప్పు పట్టి తుక్కులో కలిసిపోయింది, ఇంజిన్ మిగిలింది. తాతయ్యది ఆరు సిలిండర్లది. ఆయనది పన్నెండు. ఇక వాదన రాకుండా ఎలా ఉంటుంది?

నేను నాలుగో తరగతిలో ఉండగా తాతయ్య కారు ఇంజిన్‌లో గ్యాస్కెట్ పోయింది. ఇంజిన్ దించి స్టాండు మీద పెట్టారు. బాగు చేసి ఎక్కిద్దామనుకునే లోపు చిలకలగూడ తాత, “ఎట్లాగో దించిన్రు గదా సారూ, నా పన్నెండు ఎక్కియ్యి” అన్నాడు. అంతే. ఆ మాట తేలలేదు, ఇంజిన్ ఎక్కలేదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, భోజనం అయ్యాక, షెడ్డులో రెండు కుర్చీలు పడేవి. “పన్నెండు నడుస్తుంటే దాని మీద రూపాయి బిళ్ళ నిలబెట్టు సారూ, పడితే నా పేరు మార్చుకుంట” అని చిలకలగూడ తాత. “మే నెలలో క్లాక్ టవర్ సిగ్నల్ దగ్గర నిలబెట్టు. నీ రూపాయి బిళ్ళ కరిగి కారిపోతుంది” అని తాతయ్య. “మీ ఆరు ఏమన్న తక్కువనా, పొద్దంత దగ్గుడే గదా.” “అది దగ్గు కాదయ్యా, గొంతు. నా ఇంజిన్‌కి గొంతుంది. నీది మూగది.” మధ్యలో టీ తెచ్చిన అమ్మమ్మ తన తీర్పు తాను చెప్పేది. “ఆరైనా పన్నెండైనా, మోండా మార్కెట్‌కి నేను పోయేది ఆటోలోనే కదా.”

ఇంజిన్ లేకపోయినా కారుకి వెనక సీటు ఉంటుంది. నా బాల్యం అక్కడే గడిచింది. ముందు సీటు వెనక భాగంలో మడిచిపెట్టిన చిన్న చెక్కబల్ల ఉంది, లాగితే తెరుచుకుంటుంది. దొరలు దాని మీద ఏం తినేవాళ్ళో గాని, నేను డైరీ రాసుకునేదాన్ని, పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని. చుట్టాలొస్తే, పుట్టినరోజు పార్టీ అంటే, ఎవరైనా “ఏం చదువుతున్నావమ్మా?” అని అడిగేలా ఉంటే నేను ఆ సీట్లో దూరి తలుపు వేసుకునేదాన్ని. పాత తోలు వాసన ఇప్పటికీ నాకు ధైర్యం వాసనలాగే ఉంటుంది. తెరిచిన కారు కిటికీ పక్కనే కుర్చీల్లో కూర్చున్న ఇద్దరూ నేనున్న సంగతి మర్చిపోయి వాదించుకునేవారు. క్యామ్‌షాఫ్టులూ కార్బురేటర్లూ అలాగే నా చెవిన పడ్డాయి. తాతయ్య మూగది అని వెక్కిరించినప్పుడల్లా ఆ పన్నెండు సిలిండర్ల మీద నాకు ఇష్టం పెరిగింది. అంత బలం లోపల పెట్టుకుని గొంతెత్తని వస్తువు లోకంలో ఒకటి ఉందంటే నాలాంటి దానికి అదెంత ఊరటో చెప్పలేను. కాని తాతయ్య ముందు ఎలా అంటాను? ఆయనకున్న ఏకైక ఓటు నాదని ఆయన ధీమా.

పోయిన సంవత్సరం వానలు మొదలయ్యే ముందు తాతయ్యకి వినికిడి తగ్గుతోందని తెలిసింది. కుక్కర్ కూతలు వినపడలేదంటే సరే అనుకున్నాం. ఒక ఆదివారం చర్చిలో కీర్తన అందరూ ముగించి కూర్చున్నాక, తాతయ్య ఒక్కడే కళ్ళు మూసుకుని ఇంకో చరణం పాడాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, చెవిలోని చిన్న ఎముకలు బిగుసుకుపోయాయని, లోపలి నరం కూడా నీరసిస్తోందని, ఈ వయసులో ఆపరేషన్ వద్దని చెప్పాడు. వినికిడి మిషన్ పెట్టుకుంటే ఈల తప్ప ఏమీ వినిపించడం లేదని తాతయ్య దాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టేశాడు. ఆటోలో తిరిగి వస్తూ, తన గొంతు తనకే వినపడక గట్టిగా అన్నాడు. “మన ఇంజిన్ గొంతు ఇంకొక్కసారి వింటే చాలమ్మా. తర్వాత పోతే పోనీ.” డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆ ఇంజిన్ నడవాలి, ఆయన చెవులు పూర్తిగా పోకముందే నడవాలి అని నేను అక్కడే అనుకున్నాను. అనుకున్నాక భయం వేసింది. ఆటో బేరం కూడా అమ్మమ్మ వెనక నిలబడి చేయించుకునే మనిషిని నేను.

ముందు చిలకలగూడ వెళ్ళాను. ప్రత్యర్థి దగ్గరికి వెళ్ళి, మా ఇంజిన్‌ని మళ్ళీ నడిపించమని అడగడం కన్నా తలవంపులు ఇంకేముంటాయి? దారంతా చెప్పాల్సిన వాక్యాలు వల్లె వేసుకున్నాను. తీరా దుకాణంలో ఆయన మేకులు తూస్తూ, “ఏంది బిడ్డా, గిట్లొచ్చినవ్? సారు మంచిగున్నడా?” అనేసరికి అన్నీ మర్చిపోయి, “తాతయ్య చెవులు పోతున్నాయి. ఆరు సిలిండర్లది నడవాలి” అన్నాను. ఆయన తక్కెడ దించాడు. “ఆదివారం నేను మాట్లాడినయన్నీ సారుకు వినబడ్తలేవా?” అన్నాడు. నేను తలూపాను. “అందుకా ఈ నడుమ ప్రతిదానికీ సరే సరే అంటుండు. నేనే గెలుస్తున్న అనుకున్న గదనే.” లేచి ఆ పాత బిస్కెట్ డబ్బా నా చేతికిచ్చాడు. “నడవని ఇంజిన్ మీద గెలిస్తే అదేం గెలుపు? దాన్ని నడిపిద్దాం. నడిచినంక ఓడగొడ్త.”

ఆ తర్వాత నెలలన్నీ గ్రీజులోనే గడిచాయి. సామాను కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాను. ప్రతి ఫోన్‌కి ముందు మంచినీళ్ళు తాగాను. ఇంజిన్ హెడ్‌ని ఆటోలో వేసుకుని మెషిన్ షాపుకి తీసుకెళ్తే, అక్కడి మనిషి నా వైపు చూడకుండా చిలకలగూడ తాతతో, “దీనికెందుకు ఇంత పరేషాన్? డీజిల్ ఇంజిన్ పడేసుకోండ్రి. ఇసుంటి బండ్లన్నిటికీ మేం అదే ఏసినం, మస్తు మైలేజ్” అన్నాడు. చిలకలగూడ తాత నోరు తెరిచేలోపే, “వద్దు. ఇదే కావాలి” అని ఎవరో అన్నారు. అన్నది నేనే. “విన్నవ్ గదా, మేడమ్ చెప్పింది” అని చిలకలగూడ తాత మీసం కింద నవ్వుకున్నాడు. హెడ్ చదును చేయించాం, వాల్వులు అరగదీయించాం, ఇంజిన్‌ని తిరిగి కారులోకి ఎక్కించాం. సాయంత్రాలు తాతయ్య షెడ్డు గుమ్మంలో కూర్చుని వేలితో చూపించి చెప్పేవాడు, మేము పలక మీద రాసి అడిగేవాళ్ళం. ఆ పలక ఆయన స్కూలు రోజులదే.

నడిపిన రోజు ఆదివారమే. చిలకలగూడ తాత కార్బురేటర్ల దగ్గర, నేను స్టీరింగు దగ్గర, అమ్మమ్మ తలుపు దగ్గర ఎందుకైనా మంచిదని బకెట్ నీళ్ళతో. మొదట ఊరికే తిరిగింది. రెండుసార్లు తుమ్మింది. ఆ తర్వాత అందుకుంది. షెడ్డు రేకులు కంపించాయి, పక్కింటి కుక్క లేచి మొరిగింది. నేను తాతయ్య వైపు చూశాను. ఆయన ఇంకా ఆత్రంగా నా ముఖంలోకే చూస్తూ, “తిరగలేదా?” అన్నాడు.

ఆలస్యం చేశానా అనుకున్నాను. చిలకలగూడ తాత బల్ల మీది పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మెకానిక్కులు ఇంజిన్ లోపలి చప్పుడు పట్టుకోవడానికి చేసే పనే అది. మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడిని తాతయ్య చెవి వెనక ఎముకకి అదిమి పట్టాడు. తాతయ్య ముఖం ఒక్కసారి నిశ్చలమైపోయింది. తర్వాత చెయ్యి చాచి, స్క్రూడ్రైవర్ తానే తీసుకుని, ఒక్కో సిలిండర్ దగ్గరా ఆనించి విన్నాడు, రోగుల మంచాల మధ్య తిరిగే డాక్టరులాగా. “మూడో దాని ట్యాపెట్ కాస్త వదులుంది” అన్నాడు. “గొంతు మాత్రం అదే.” నేను తాళం చెవి మీద చెయ్యి వేస్తే, చూసి, “ఆపకమ్మా. ఇంకాసేపు ఉండనీ” అన్నాడు. పెట్రోలు ముల్లు దిగుతూనే ఉంది. చిలకలగూడ తాత కళ్ళు తుడుచుకుని పలక అందుకుని పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. “ఇదేం గొంతు? కుట్టుమిషన్ లెక్కనే ఉంది.” తాతయ్య చదివి, ఎన్నో నెలల తర్వాత, సరే అనలేదు.

ఇప్పుడాయనకి స్క్రూడ్రైవర్‌తో కూడా చప్పుడు అంతగా అందడం లేదు. నరం కూడా దాదాపు పోయింది. అయినా ఆదివారం కుర్చీలు పడుతూనే ఉన్నాయి, వాదన పలక మీద సాగుతోంది. ఈ ఉదయం చర్చికి వెళ్ళడం ఆలస్యమైంది. పన్నెండు సిలిండర్లదాన్ని ట్రాలీ నుంచి దించి, షెడ్డులో ఆరు సిలిండర్ల కారు పక్కనే కొయ్య దిమ్మల మీద పెట్టించాను. దీన్ని కూడా నడిపిస్తాను, ఎంతకాలం పట్టినా సరే. నా పక్షం గెలవాలని కాదు, రెండూ నడుస్తుంటే పక్కపక్కన నిలబడి విని తేల్చినవాళ్ళు మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ లేరు కాబట్టి. తాతయ్య వచ్చి ఆ ఇంజిన్‌ని చేత్తో తడిమి, నన్ను చూసి నవ్వాడు. అప్పుడర్థమైంది, చిలకలగూడకి కబురు చేసిందెవరో. పలక తీసుకుని, “నా పక్షం ఏదో మీకెలా తెలుసు? నేనెవరికీ చెప్పలేదు” అని రాశాను.

ఆయన చదివి, అరచేత్తో తుడిచేసి, గట్టిగా అన్నాడు. “చెవులు బాగున్న రోజుల్లోనే విన్నానమ్మా. వాడు పన్నెండు సంగతి ఎత్తుకున్నప్పుడల్లా, వెనక సీట్లో నీ పేజీ తిరిగే చప్పుడు ఆగిపోయేది.”